అత్తయ్య లెక్కపెట్టిన పయాన్లు

పోయిన నెల గుడివాడలో మా అత్తయ్యకి రెండో కంటికి శుక్లం ఆపరేషన్ జరిగింది. ఆమె కూతురు కల్యాణికి ఆఫీసులో సెలవు దొరక్క, నాలుగు రోజులు తోడుండమని నన్ను పిలిచింది. నేను రిటైరైన మనిషిని, బందరు నుంచి గుడివాడ ఎంత దూరం గనక! బట్టలు సంచిలో పెట్టుకుని బస్సెక్కేశాను. కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ అత్తయ్య గడ్డం పట్టుకుని, కంట్లోకి లైటు వేసి చూస్తూ, మాట కలపడానికి అడిగింది. "మామ్మగారూ, వయసులో ఉన్నప్పుడు ఏం పని చేసేవారు? కుట్టుపనా?"

"కాదండీ, పయాన్లు లెక్కపెట్టేదాన్ని" అంది అత్తయ్య.

"పావురాలా?"

"పావురాలైతే ఎగిరిపోయినా మళ్ళీ వచ్చి వాలతాయి కదండీ. ఇవి రావు."

డాక్టరమ్మ నా వైపు తిరిగి, పెద్దావిడకి మత్తు ఇంకా దిగలేదేమో అన్నట్టు చూసింది. నేను నవ్వు ఆపుకుంటూ, "నిజమేనండీ, లెక్కపెట్టేవారు" అన్నాను. అంతకంటే వివరంగా చెప్పాలంటే బయట బెంచీల మీద కూర్చున్న వాళ్ళందరి ఓపికా చచ్చిపోతుంది. ఆ రోజు చెప్పలేకపోయినదాన్నే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మాది ఘంటసాల దగ్గర వ్యవసాయం ఇల్లు. ఉప్పెన వచ్చి వెళ్ళిన కొన్నేళ్ళకి, నన్ను డిగ్రీ చదివించడానికి మా నాన్న బందరులో మా మేనమామ ఇంట్లో పెట్టాడు. మావయ్య కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. మెత్తటి మనిషి. పాఠం చెప్పేటప్పుడు తప్ప గొంతు పైకి లేచేది కాదు. అత్తయ్య పేరు నాగరత్నం. కోడూరు పిల్ల, ఎనిమిదో తరగతితో చదువు ఆపించి పెళ్ళి చేశారు. కల్యాణికి అప్పటికి ఇంకా మాటలు రాలేదు. మూడు గదుల అద్దె ఇల్లు, వెనక చిన్న పెరడు. అందులో ఉప్పు నీళ్ళ బావి. ఆ నీళ్ళతో స్నానం చేస్తే జుట్టు అట్టకట్టేది, పప్పు ఉడికేది కాదు. తాగే నీళ్ళు కుళాయి దగ్గర పట్టుకొచ్చుకోవాలి. సముద్రపు గాలికి తలుపు గొళ్ళేలు, సైకిలు చువ్వలు, అత్తయ్య తలపిన్నులు అన్నీ తుప్పుపట్టేవి. ఆ ఇంట్లో తుప్పు పట్టకుండా ఉన్నది ఒకటే ఒకటి, ముందుగదిలో బల్లమీద, దుప్పటి కప్పుకుని కూర్చున్న మైక్రోస్కోపు.

మావయ్య అప్పుడు ఉద్యోగం చేసుకుంటూనే డాక్టరేటు కోసం పనిచేస్తున్నాడు. ఆయన గైడు ఎక్కడో ఉత్తరాదిన యూనివర్సిటీలో ఉండేవాడు. విదేశంలో పెద్ద యంత్రం దగ్గర, విపరీతమైన వేగంతో వచ్చే ప్రోటాన్ల ధారకి ఎదురుగా కొన్ని గాజు పలకలు పెట్టి, కడిగి, ఆరబెట్టి, ఆ గైడుగారి దగ్గరికి పంపారట. ఫొటో ఫిల్ము మీద ఉండే మందే, చాలా మందంగా పూసిన పలకలు. అందులో మావయ్య వాటాకి వచ్చిన వాటిని చెక్కపెట్టెలో సర్దుకుని, రెండు రాత్రుల రైలు ప్రయాణంలో ఒళ్ళోంచి దించకుండా బందరు తెచ్చాడు. చంటిపిల్లనైనా అలా తెచ్చి ఉండరని అత్తయ్య అనేది.

ఆ ప్లేట్లకి పడనిది తేమ. బందరులో లేనిదల్లా తేమలేని రోజు. గాలిలో చెమ్మ పెరిగితే పలకమీది పూత ఉబ్బుతుంది, బూజు కూడా పడుతుంది. అందుకని పెట్టెలో గుడ్డమూటలు కట్టి, తేమను పీల్చే గింజలు పోసేవాడు. పొడిగా ఉన్నప్పుడు నీలంగా ఉంటాయి, తేమ తాగితే గులాబిరంగుకి తిరుగుతాయి. వాటిని మళ్ళీ నీలంగా చేయాలంటే వేయించాలి. అది అత్తయ్య పని. మధ్యాహ్నం భోజనాలయ్యాక, పొయ్యి చల్లారకముందే ఇనప మూకుడు పెట్టి, అట్లకాడతో కలుపుతూ గింజల్ని వేయించేది. గులాబిరంగు కాస్తా మెల్లగా ఊదాకి, ఊదా నీలానికి తిరుగుతుంటే చూడ్డానికి నేను పాఠం చదవడం మానేసి వంటింటి గడపమీద కూర్చునేదాన్ని. ఒకసారి తొందరలో, గోంగూరలో వెయ్యడానికి ఎండురొయ్యలు వేయించిన మూకుట్లోనే ఆ గింజలూ వేయించింది. మర్నాటికి పెట్టె చుట్టూ చీమలు బారులు కట్టాయి, బొద్దింక ఒకటి మూతమీదికెక్కి మీసాలు తిప్పుతోంది. ఆ పూతలో ఉండేది జిలటిన్, బొద్దింకలకి విందుభోజనం. మావయ్య ముఖం పాలిపోయింది. ఆ తర్వాత గింజలకి వేరే మూకుడు వచ్చింది. దానికి పసుపుబొట్టు పెట్టి అత్తయ్య ఎత్తుమీద దాచింది, ఎవరూ పొరపాటున దించకుండా.

నేను బియస్సీలో ఫిజిక్స్ తీసుకున్నానని తెలిసి మావయ్య నన్ను పనిలో పెట్టాడు. ప్లేటుని మైక్రోస్కోపు కింద బిగించి, పైన ఒక చుక్క దేవదారు నూనె వేసి, కటకాన్ని ఆ నూనెకి తగిలేదాకా దింపాలి. ఆ నూనె వాసన ఘాటుగా, కొత్త చెక్కబీరువా తెరిచినట్టు ఉండేది. ముందుగదంతా అదే వాసన. కన్నుపెట్టే గొట్టంలోంచి చూస్తే లేత పసుపు వెలుగులో, బయటినుంచి దూసుకొచ్చిన ప్రోటాను జాడ, నల్లటి చుక్కల వరసలా కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని మెల్లగా జరుపుకుంటూ పోతే, గంటకో రెండు గంటలకో ఒకచోట ఆ గీత పగిలి, అక్కణ్ణుంచి నలువైపులా గీతలు చిమ్ముకుని కనిపిస్తాయి. దాన్ని స్టారు అనేవాళ్ళం. ప్రోటాను వెళ్ళి ఒక పరమాణు కేంద్రకాన్ని గుద్దుకున్న చోటు అది. అందులో లావు గీతలెన్ని, మధ్యరకం ఎన్ని, సన్నగీతలెన్ని అని మూడు గళ్ళలో రిజిస్టర్లో రాయాలి. మావయ్యకి కావలసింది ముఖ్యంగా సన్నవి. అవి దాదాపుగా పయాన్లు.

ఒక ఆదివారం పొద్దున్న నాకు ఇదంతా మొదటిసారి చెప్తుంటే, అత్తయ్య కల్యాణిని చంకనేసుకుని తలుపు దగ్గర నిలబడింది. "ప్రోటాను నెమ్మదిగా తగిలితే కేంద్రకం పగుల్తుందేమో గాని కొత్తది ఏదీ పుట్టదు" అంటున్నాడు మావయ్య. "వేగం ఒక హద్దు దాటితే, ఆ వేగంలో ఉన్న శక్తి కొంత పదార్థంగా మారుతుంది. అలా పుట్టేవే పయాన్లు. మూడు రకాలు. ధనావేశం ఉన్నది, ఋణావేశం ఉన్నది, ఏదీ లేనిది. మొదటి రెండూ గీత గీస్తాయి. మూడోది గీత గీయదు, పుట్టిన వెంటనే వెలుగైపోతుంది."

"అవి అంతకుముందు లోపల ఉండేవా?" అంది అత్తయ్య.

మావయ్య ఆమె అక్కడుందని అప్పుడే చూశాడు. "లేవు. అదే విచిత్రం. లావు గీతలు కేంద్రకంలో ఉన్న ముక్కలే, కుండ పగిలితే పెంకులు వచ్చినట్టు. సన్నవి మాత్రం కుండలో లేనివి."

అత్తయ్య పిల్లని నా ఒళ్ళో పెట్టి, రెండు అరచేతులూ మెల్లగా దగ్గరికి తెచ్చి కలిపింది. చప్పుడు రాలేదు. తర్వాత గట్టిగా ఒక చప్పట కొట్టింది. కల్యాణి ఉలిక్కిపడింది. "ఈ చప్పుడు ఇందాక నా చేతుల్లో ఎక్కడుంది?" అంటూ పిల్లని తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తర్వాత ముప్పై ఏళ్ళపాటు నేను జూనియర్ కాలేజీలో పయాన్ల పాఠం చెప్పిన ప్రతిసారీ ఆ చప్పటే కొట్టాను. పుస్తకంలో ఉన్న రెండు పేరాలు పిల్లలు మర్చిపోయేవాళ్ళు గాని, చప్పట మర్చిపోయేవాళ్ళు కాదు.

మూడు నెలలు ఈ పని శ్రద్ధగానే చేశాను. పొద్దున్న కాలేజీకి ముందు గంట, సాయంత్రం రెండు గంటలు. పైకి చెప్పకపోయినా, మావయ్య నా అంకెలతో గ్రాఫులు గీసుకుంటుంటే గర్వంగా ఉండేది. మాఘ పౌర్ణమి వచ్చింది. నా స్నేహితురాలి అమ్మగారు మమ్మల్ని హంసలదీవి తీసుకెళ్తానంది, కృష్ణ సముద్రంలో కలిసేచోట స్నానాలకి. మావయ్య ఒక్క మాటే అన్నాడు. "ఆ ప్లేటు ముగించి వెళ్ళమ్మా. వచ్చే వారం రిజిస్టర్లు తీసుకుని నేను గైడుగారి దగ్గరికి వెళ్ళాలి."

ఆ ప్లేటులో స్టార్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టి ఉంచాను, గీతలు లెక్కపెట్టడమే మిగిలింది. పంతొమ్మిది. పొద్దున్నే బస్సు. ముందురోజు సాయంత్రం కరెంటు పోయి చాలాసేపటికి గాని రాలేదు. వచ్చాక కూర్చుని, మొదటి రెంటినీ చూస్తున్నట్టు నటించాను, నన్ను నేనే మోసం చేసుకుంటూ. తర్వాత అదీ మానేశాను. ఏడు, తొమ్మిది, పదకొండు, ఎనిమిది. నమ్మేట్టుగా ఉండే అంకెలు నాకప్పటికి బాగా తెలుసు. పావుగంటలో గళ్ళన్నీ నిండిపోయాయి. మర్నాడు చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణుంచి కోడూరు, అక్కణ్ణుంచి ఇసుకదారి. నీళ్ళలో గంతులేశాం, తడిబట్టలతో పులిహోర తిన్నాం. ఆ రోజంతా ఒక్కసారి కూడా ఆ పంతొమ్మిది గుర్తుకి రాలేదని ఒప్పుకోవాలి.

తెల్లారి వంటింట్లో పళ్ళు తోముకుని కాఫీ కోసం నిలబడితే, అత్తయ్య పొయ్యిమీద పాలు చూస్తూనే అంది. "వరం, మొన్నటి ప్లేటులో పన్నెండో స్టారు ఓసారి మళ్ళీ చూడు."

"ఏం?"

"అందులో సన్నగీతలు ఒక్కటీ లేవు. నువ్వు తొమ్మిది రాశావు."

"నీకెలా తెలుసు?"

"దుమ్ము తుడుస్తూ చూశాను. నా కళ్ళే సరిగ్గా లేవేమో అనుకుని రెండోసారీ చూశాను. తర్వాత పక్కవి కూడా చూశాను." పాలు పొంగుతుంటే దించింది. కోపం లేదు ముఖంలో. అందుకే నాకు భయం వేసింది.

"మావయ్యకి చెప్తావా?"

"నేనెందుకు చెప్తాను? రాసింది నువ్వు కదా!"

ఆ రోజు కాలేజీలో ఒక్క పాఠమూ చెవికెక్కలేదు. సాయంత్రం మావయ్య వచ్చి, చొక్కా కొక్కేనికి తగిలించి, కుర్చీలో కూర్చోగానే వెళ్ళి చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాలనుకున్నాను గాని ఏడుపు కూడా రాలేదు. ఆయన విన్నాడు. కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఎన్ని?"

"పంతొమ్మిది."

"అంతకుముందువి?"

"అవన్నీ నిజంగా చూసినవే మావయ్యా. అమ్మ మీద ఒట్టు."

"ఒట్టెందుకమ్మా, నేను నమ్ముతున్నాను. కాని అంకెలకి నా నమ్మకంతో పనిలేదు." రిజిస్టరు తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇంకో మనిషి ఎవరైనా వీటిని రెండోసారి చూసి, సరిపోయాయని చెప్పి ఉంటే ఉంచుకునేవాణ్ణి. ఎవరూ చూడలేదు కదా." అని, నేను మొదలుపెట్టిన మొదటి పేజీ దాకా వెనక్కి వెళ్ళి, ఎర్ర పెన్నుతో ఒక్కొక్క పేజీకీ అడ్డంగా గీత కొట్టుకుంటూ వచ్చాడు. మూడు నెలల పని. గీత కొట్టేటప్పుడు స్కేలు పెట్టి కొట్టాడు, వంకర పోకుండా. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తోంది.

గీతలు కొట్టడం అయ్యాక, అసలు ఇది ఎలా బయటపడిందని అడిగాడు. అత్తయ్య చూసిందన్నాను. ఆయన నమ్మలేనట్టు ఆమెని పిలిచి, ఒక పాత ప్లేటు బిగించి, తను అంతకుముందెప్పుడో లెక్కపెట్టి పెట్టుకున్న స్టారు ఒకటి చూపించాడు. అత్తయ్య చేతులు కొంగుకి తుడుచుకుని, వంగి, ఎడమకన్ను మూసి, చాలాసేపు చూసింది. "లావువి ఐదు. మధ్యవి మూడు. సన్నవి పద్నాలుగు" అంది. మావయ్య తన కాగితం తీసి చూసుకున్నాడు. "పదమూడు." అని తనే వంగి చూశాడు. మళ్ళీ చూశాడు. కాగితంలో పదమూడు కొట్టేసి పద్నాలుగు వేశాడు. రెండు గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయట. "ఇది నువ్వు ఎప్పుడు నేర్చుకున్నావు?" అంటే, "నిన్న ఆ ఒక్క ప్లేటే చూశానండీ" అంది.

మర్నాడు వంటింటి వైపు నుంచి ఇంకో కుర్చీ ముందుగదిలోకి వచ్చింది. గైడుగారికి జరిగింది జరిగినట్టు ఉత్తరం రాసి, మావయ్య ప్రయాణం మానుకున్నాడు. ఆ వేసవంతా ప్లేట్లన్నీ మొదటినుంచి మళ్ళీ చూశాం. ఒకళ్ళు చూసి రాశాక, అది చూడకుండా రెండోవాళ్ళు వేరే రిజిస్టర్లో రాయాలి. మేం ముగ్గురం వంతులు వేసుకున్నాం. తాటాకు విసనకర్రలు, మామిడికాయ ముక్కలు, అద్దంమీద చెమట పడకుండా నుదుటికి తువ్వాలు కట్టుకుని అత్తయ్య. ఆమె లేచాక కన్నుపెట్టే చోట కాటుక మరక ఉండేది. రెండుమూడు సార్లు చూసి, కాటుక పెట్టుకోవడమే మానేసింది.

జ్యేష్ఠంలో ఒక మధ్యాహ్నం, "ఏవండీ, ఇదేదో ఆగిపోయింది, చూడండి" అని పిలిచింది. ఒక స్టారులోంచి బయల్దేరిన గీత దూరం పోయేకొద్దీ లావెక్కి, ఆగింది. ఆగినచోటునుంచి ఇంకో చిన్న గీత పుట్టి, అదీ ఆగింది. దాని కొసనుంచి చాలా సన్నది ఒకటి మెలికలు తిరుగుతూ పోయింది. మావయ్య కన్ను తియ్యకుండా చెప్పాడు. నెమ్మదిగా పుట్టిన పయాను, ప్లేటులోనే ఆగి, మ్యువాను అయింది. మ్యువాను ఎలక్ట్రాను అయింది. మా పనికి అది అక్కర్లేదు, రిజిస్టర్లో దానికి గడి కూడా లేదు. అయినా ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం చూస్తూనే ఉన్నాం. "పుట్టడమే లెక్కపెడుతున్నామనుకున్నాను. ఇదిగో, పుట్టి, పెరిగి, పోయేదాకా చూపించింది" అన్నాడు మావయ్య. కాఫీ పెట్టడం అత్తయ్యకి గుర్తులేదు, అడగడం ఆయనకి గుర్తులేదు.

నా వల్ల ఆయన డాక్టరేటు ఏడాది వెనకపడింది. ఆయనతోపాటు మొదలుపెట్టిన వాళ్ళు ముందే డాక్టర్లయ్యారు. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు ఆయన. అత్తయ్య నోరెత్తి గట్టిగా మాట్లాడింది ఒక్కసారే, థీసిస్ టైపు చేయించి తెచ్చిన రోజున. ముందు పేజీలో కృతజ్ఞతలు ఇంగ్లీషులో ఉన్నాయి. తన పేరెక్కడుందో చదివి చెప్పమని అత్తయ్య అడిగితే చదివి, తెలుగులో చెప్పాను. తన భార్య చూపిన ఓర్పుకి కృతజ్ఞతలు అని.

"ఓర్పేవిటండీ?" అంది అత్తయ్య, ఆయన వైపు తిరిగి. "నేను ఓర్చుకున్నదేవుంది ఇందులో? నేను చూశాను. చూశానని రాయండి."

మావయ్య ఐదు కాపీల్లోంచీ ఆ కాగితం తీసి, చొక్కా వేసుకుని, మళ్ళీ టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళాడు.

ఇప్పుడు ప్లేట్లని చూసే మనుషులు లేరు. చూసేదీ లెక్కపెట్టేదీ యంత్రాలే. మేం ఒక వేసవిలో చూసినన్ని ఢీకొట్టడాలు అవి కన్నుమూసి తెరిచేలోగా తేల్చేస్తాయి. ఈ మధ్య నా పాత విద్యార్థిని ఒకమ్మాయి, అలాంటి చోట పనిచేస్తూ, నా ఫోనుకి ఒక బొమ్మ పంపింది. నల్లటి తెరమీద రంగురంగుల గీతలు. నాకు అసూయేమీ కలగలేదు, మంచిదే అనిపించింది. యంత్రం హంసలదీవి వెళ్ళాలని తొందరపడదు. కాకపోతే, ఆ గీతని తన కంటితో వెంబడించి, అది పగిలిన చోటుకి చేరుకున్నప్పుడు ఒంట్లో కలిగే జలదరింపు ఆ పిల్లకి తెలియదేమో అనుకున్నాను. గుడివాడలో మూడోరోజు పొద్దున, వరండాలో అత్తయ్య నల్లకళ్ళద్దాలు తీయించి, ఆ బొమ్మ చూపించాను. దగ్గరగా పెట్టుకుని చూసింది. "రంగులెందుకే, ఏది ఏదో తెలియకనా?" అంది.

మాటల్లో మాటగా, నలభై ఏళ్ళుగా మనసులో ఉన్నది అప్పుడు అనేశాను. "అత్తయ్యా, నేను చేసిన ఆ పంతొమ్మిది వల్ల మూడు నెలల మంచి పని కూడా పోయింది. మావయ్యకి ఏడాది పోయింది. ఇప్పటికీ బాధే నాకు."

అత్తయ్య ఫోను నా చేతికిచ్చింది. "అవి బాగానే ఉన్నాయని నాకు తెలుసులేవే."

"ఎలా తెలుసు?"

"అన్నీ చూశాగా. నువ్వు కాలేజీకి వెళ్ళాక, పిల్ల పడుకున్నాక, మొదటి ప్లేటునుంచి ఒక్కోటీ చూశాను. నేను లెక్కపెట్టుకుని, నీ రిజిస్టరు తీసి సరిపోయిందా లేదా అని చూసుకునేదాన్ని. అలాగే నేర్చుకున్నాను. నీ లెక్కా నా లెక్కా కలవనిది ఆ పంతొమ్మిది దగ్గరే."

మావయ్య ఎర్ర పెన్నుతో పేజీలన్నీ కొట్టేస్తుంటే, ఆయనకి కావలసిన రెండో మనిషి గుమ్మంలోనే నిలబడి ఉందన్నమాట. "మరి ఆ రోజు మావయ్యతో ఒక్క ప్లేటే చూశానన్నావే! అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెప్తే మళ్ళీ చూడక్కర్లేదనేవారు. మళ్ళీ చూడాల్సొచ్చిందనేగా నాకో కుర్చీ వేశారు."

"మావయ్యకి ఎప్పుడూ చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలేదు? పట్టా చేతికొచ్చిన రోజే చెప్పాను. ఆ పూట అన్నం తినలేదు మీ మావయ్య. సాయంత్రం దాకా పెరట్లో తిరిగి తిరిగి వచ్చి, 'ఇంకో ప్లేట్ల పెట్టె తెప్పించనా?' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"తెప్పించమన్నాను" అంది అత్తయ్య.